పర్యావరణానికి పనికొచ్చే డిజైన్‌ను పిల్లల చేతే చేయించడం ఎలా: బడుల కోసం సమగ్ర మార్గదర్శి

"మా పిల్లలకు ఐడియాలు బాగానే వస్తాయి. కానీ ఎంతసేపూ థర్మాకోల్ మోడల్ దగ్గరే ఆగిపోతున్నారు. నిజంగా వాడుకునే వస్తువు దాకా తీసుకెళ్లడం ఎలా?" సైన్స్ ఫెయిర్ల సీజన్ వచ్చిందంటే టీచర్లు, తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఏడు నుంచి పదో తరగతి పిల్లలను దృష్టిలో పెట్టుకున్నాను. వారానికి రెండు పీరియడ్లు, మధ్యలో ఒకటి రెండు శనివారం మధ్యాహ్నాలు దొరికితే ఎనిమిది వారాల్లో పని అయిపోతుంది. ఖర్చు పదిహేను వందల రూపాయలు దాటనివ్వొద్దు.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుంటాను: మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు ప్లేట్లు కడుక్కునే ట్యాపుల వరుస. దాదాపు ప్రతి ప్రభుత్వ బడిలోనూ ఉంటుంది. నీళ్ల వృథా, అన్నం వృథా, మురుగు మూడూ అక్కడే కనిపిస్తాయి.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

జట్టుకు నలుగురు, మించితే ఐదుగురు. ఆరో మనిషి చేరితే ఒకరు చార్టు మీద పేరు రాయించుకోవడానికే మిగులుతారు.

క్లాసులో ఫస్ట్ వచ్చేవాళ్లందరినీ ఒకే జట్టులో వేయొద్దు. బొమ్మలు వేసే పిల్ల, సొంతంగా సైకిల్ పంక్చర్ వేసుకునేవాడు, ఎవరితోనైనా ఇట్టే మాట కలిపే అమ్మాయి, ఓపికగా లెక్కలు రాసేవాడు. ఇలా కలిపితే పని నడుస్తుంది. మార్కులు తక్కువొచ్చే పిల్లలు చాలామంది చేతిపనిలో ముందుంటారు. వాళ్లను పిలవకపోతే తామంతట తాము రారు, మీరే పేరు పెట్టి పిలవాలి.

హెచ్‌ఎంతో ముందే మాట్లాడాల్సినవి మూడు: పిల్లలు భోజనం టైమ్‌లో ట్యాపుల దగ్గర నిలబడి కొలతలు తీసుకుంటారని, తాత్కాలికంగా అక్కడ ఏదైనా కట్టి చూస్తారని, బాగుంటే దాన్ని అక్కడే ఉంచేస్తారని. మూడోది మర్చిపోతే ఆఖర్లో చిక్కు వస్తుంది.

వంట చేసే అక్కలతో కూడా ముందే మాట్లాడండి. నోటుబుక్కుతో ఎవరు వచ్చినా తనిఖీకి వచ్చారేమోనని వాళ్లకు టెన్షన్. పిల్లలే వెళ్లి, "అక్కా, నీళ్లు ఎంత పోతున్నాయో చూస్తున్నాం. మీకు ఇక్కడ ఏది ఇబ్బందిగా ఉంది?" అని అడిగితే సగం సమాచారం అక్కడే దొరుకుతుంది. రోజూ ఆ కాలువను పొడిచి శుభ్రం చేసే ఆయాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సామాను చెక్‌లిస్ట్:

- పాత అట్టపెట్టెలు, పెయింట్ బకెట్లు, సైకిల్ ట్యూబులు (అడిగితే ఉచితంగా దొరుకుతాయి)
- బైండింగ్ వైరు, కటింగ్ ప్లేయర్, కట్టర్ బ్లేడు, టేపు, ఎం-సీల్
- పీవీసీ పైపు ముక్కలు, ఒకటి రెండు ఎల్బోలు
- నైలాన్ దోమతెర ముక్క, కాస్త గట్టి ఇనుప జాలీ
- చేపల మార్కెట్‌లో వాడే లాంటి వేలాడే త్రాసు
- ఒక బకెట్, లీటరు గుర్తు ఉన్న జగ్గు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోన్
- జట్టుకు ఒకే ఒక నోటుబుక్కు. విడివిడి కాగితాలు వద్దు, పోతాయి

ఆర్డునో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు), సెన్సర్లు ఈ లిస్టులో లేవు. కావాలనే పెట్టలేదు, కారణం ఆరో అంచెలో చెప్తాను.

## 2. ఐడియా అడగొద్దు, చోటు చూపించండి

"పర్యావరణాన్ని కాపాడటానికి ఏదైనా ఐడియా చెప్పండి" అంటే పిల్లలు యూట్యూబ్‌లో చూసిందే చెప్తారు. అది వాళ్ల తప్పు కాదు. ప్రశ్న అంత పెద్దదైతే జవాబు అరువు తెచ్చుకోక తప్పదు.

గ్లోబల్ వార్మింగ్, సముద్రంలో ప్లాస్టిక్ లాంటివి పక్కన పెట్టండి. బడి గోడల లోపల, పిల్లలు రోజూ తిరిగే చోట్లలో ఒకటి ఎంచుకోండి:

- ప్లేట్లు కడిగే ట్యాపులు
- ఆకులు ఊడ్చి తగలబెట్టే మూల
- ఎండకు ఉడికిపోయే పై అంతస్తు గది
- అమ్మాయిల టాయిలెట్‌లో ప్యాడ్లు పడేసే చోటు
- గేటు బయట చిరుతిళ్ల బండి చుట్టూ పడే కవర్లు

ఎంచుకున్న చోటుకు మూడు పరీక్షలు పెట్టండి. పిల్లలు రోజూ అక్కడికి వెళ్లగలరా? బకెట్, త్రాసు, గడియారంతో కొలవగలిగింది ఏదైనా ఉందా? ఆ సమస్యతో ఇబ్బంది పడే మనిషి ఒకరైనా కళ్లముందు ఉన్నారా? మూడింటికీ "అవును" రాకపోతే చోటు మార్చండి.

ఎండాకాలం దగ్గర పడుతుంటే వేడెక్కే గది మంచి ఎంపిక. ఒకేలాంటి రెండు పై గదులు తీసుకుని, ఒకదాని స్లాబు మీద సున్నం పూసి, రెండింట్లో ఒకే ఎత్తులో థర్మామీటర్ వేలాడదీసి పోల్చవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే: పైకప్పు ఎండను తిప్పికొడితే గది తక్కువ వేడెక్కుతుంది. కాకపోతే ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం రెండు గంటల రీడింగ్ తీయడానికి ఎవరూ ఉండరు. ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి. స్లాబు ఎక్కే పని పెద్దవాళ్లదే.

## 3. మూడు రోజులు చూడటం తప్ప ఏమీ చేయనివ్వొద్దు

అన్నిటికన్నా కష్టమైన అంచె ఇదే. పిల్లలకు మొదటి రోజే పరిష్కారం తట్టేస్తుంది, మీకూ తట్టేస్తుంది. ఇద్దరూ నోరు కట్టుకోవాలి.

ట్యాపుల వరుస దగ్గర ఒకరు ఎడమ చివర, ఒకరు కుడి చివర, ఒకరు కాలువ దగ్గర నిలబడతారు. చూసింది చూసినట్టు రాస్తారు. "పిల్లలు నీళ్లు వృథా చేస్తున్నారు" అన్నది చూసింది కాదు, తీర్పు. ఇలా రాయించండి:

"ఆరో తరగతి పాప. ట్యాప్ తిప్పింది. ప్లేటు ధార కింద పెట్టి రెండో చేత్తో చున్నీ సర్దుకుంది. అన్నం ముద్ద నీళ్ల తాకిడికే పోవాలని ప్లేటు తిప్పుతూ ఉంది. పోలేదు. వేళ్లతో రుద్దింది. పక్క పాపతో మాట్లాడుతూ రుద్దింది. ట్యాప్ కట్టలేదు, వెనకవాళ్లు లైన్లో ఉన్నారు కాబట్టి."

ఈ ఒక్క నోట్‌లో రెండు విషయాలు బయటపడ్డాయి. నీళ్లు ఎక్కువగా పోతున్నది ప్లేటు కడగడానికి కాదు, అంటుకున్న అన్నాన్ని తోసేయడానికి. ట్యాప్ కట్టకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, లైను. "నీటిని పొదుపు చేయండి" అని గోడ మీద రాసే బోర్డు ఈ రెండిట్లో దేన్నీ కదిలించలేదు.

చూసేటప్పుడు నోట్ చేయాల్సినవి:

- ఎవరు, ఏ తరగతి (పేర్లు వద్దు)
- చేతులు ఏం చేస్తున్నాయి
- ఎక్కడ ఆగారు, ఎక్కడ ఇరుక్కున్నారు
- ప్లేటులో ఏం మిగిలింది: అన్నమా, కరివేపాకా, గుడ్డు పెంకా
- నీళ్లు చివరికి ఎక్కడికి పోయాయి

ఫొటోలు తీస్తే చేతులు, ప్లేట్లు, కాలువ మాత్రమే తీయమనండి. ముఖాలు వద్దు.

## 4. కొలవండి

కొలత లేకపోతే ఆఖర్లో "బాగుంది" అని చప్పట్లు కొట్టడం తప్ప ఏమీ మిగలదు. కొలతకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు.

ట్యాప్ వేగం. మామూలుగా పిల్లలు తిప్పినంతే తిప్పి, లీటరు జగ్గు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పది సెకన్లు పడితే నిమిషానికి ఆరు లీటర్లు. ప్రతి ట్యాప్‌కూ విడిగా కొలవాలి. ట్యాంకుకు దగ్గరున్న దానికీ చివరి దానికీ తేడా ఉంటుంది.

ఒక్కో ప్లేటుకు పట్టే టైమ్. కనీసం ముప్పై మందిని కొలిచి సగటు తీయండి. నలభై సెకన్లు వచ్చిందనుకుందాం. నిమిషానికి ఆరు లీటర్ల లెక్కన ప్లేటుకు నాలుగు లీటర్లు. రెండు వందల మంది తింటే ఎనిమిది వందల లీటర్లు. ఈ అంకెను పిల్లలు సొంతంగా రాబట్టినప్పుడు వాళ్లకు కలిగే ఆశ్చర్యం మీ ఉపన్యాసం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

కారే ట్యాప్. కింద గ్లాసు పెట్టండి. రెండు వందల మిల్లీలీటర్ల గ్లాసు పది నిమిషాల్లో నిండితే గంటకు 1.2 లీటర్లు, రోజుకు దాదాపు 29 లీటర్లు. దీనికి డిజైన్ అక్కర్లేదు, కొత్త వాషర్ చాలు. ముందు అది వేయించేసి అప్పుడు ప్రాజెక్టు మొదలుపెట్టండి.

మిగిలిన అన్నం. ప్లేట్లు కడిగే ముందు ఎంగిలి అంతా ఒకే బకెట్లో వేయించి తూకం వేయండి. ఖాళీ బకెట్ బరువు తీసేయడం పిల్లలు మర్చిపోతారు, గుర్తుచేయండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పీఎం పోషణ్ (మధ్యాహ్న భోజన పథకం) కింద రోజుకు 150 గ్రాముల బియ్యం లెక్క. రెండు వందల మందికి ముప్పై కిలోలు. కిలో బియ్యం వండితే రెండున్నర నుంచి మూడు కిలోల అన్నం అవుతుంది. కాబట్టి బకెట్లో తొమ్మిది కిలోల అన్నం తేలిందంటే మూడు కిలోలకు పైగా బియ్యం, అంటే వండిన దానిలో పదో వంతు, కాలువ పాలైనట్టు.

ఒక్క రోజు కొలతను నమ్మొద్దు. గుడ్డు ఉన్న రోజు, లేని రోజు, పప్పు రోజు, సాంబారు రోజు వేర్వేరుగా వస్తాయి. కనీసం నాలుగు రోజులు కొలిచి, పక్కన మెనూ, హాజరు రాయించండి. ఈ రెండూ రాయకపోతే తర్వాత పోల్చడానికి కుదరదు.

## 5. సమస్యను ఒక్క వాక్యంలో రాయించండి

జట్టు మొత్తం కూర్చుని ఒకే వాక్యం రాయాలి. అందులో ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతోంది, ఎంత అన్నవి ఉండాలి.

పనికిరానిది: "మా బడిలో నీరు వృథా అవుతోంది."

పనికొచ్చేది: "భోజనం తర్వాత ప్లేటుకు అంటిన అన్నాన్ని నీళ్లతో తోసేయడం వల్ల ఒక్కో ప్లేటుకు నాలుగు లీటర్లు పోతున్నాయి, ఆ అన్నం కాలువకు అడ్డుపడి రోజూ ఆయా పొడవాల్సి వస్తోంది."

వాక్యంలో పరిష్కారం దూరితే కొట్టేయించండి. "సెన్సర్ ట్యాపులు లేకపోవడం వల్ల" అని మొదలుపెడితే ఇక వేరే దారి వెతకరు.

## 6. ఐడియాలు: ముందు కుప్ప, తర్వాత వడపోత

పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఒక్కొక్కరు ఆరు ఐడియాలు, ఒక్కోదానికి చిన్న బొమ్మ. మాట్లాడనిస్తే గొంతు పెద్దవాడి ఐడియా గెలుస్తుంది, అందుకే ఈ నియమం. మొదటి మూడు ఎక్కడో విన్నవే వస్తాయి. సరుకు నాలుగు, ఐదు, ఆరులో ఉంటుంది.

అన్నీ గోడకు అంటించాక ఈ క్రమంలో పేర్చమనండి:

1. అవసరాన్నే తీసేసేవి (అన్నం మిగలకుండా అడిగినంతే వడ్డించడం)
2. తగ్గించేవి (నీళ్లు తాకే ముందే ఎంగిలి గీసేయడం, ట్యాప్ ధార సన్నం చేయడం)
3. మళ్లీ వాడేవి (కడిగిన నీళ్లు అరటి పాదులకు)
4. శుద్ధి చేసేవి (ఫిల్టర్లు, ట్యాంకులు)

పిల్లలు, పెద్దలు కూడా, నాలుగోదాని మీదకు దూకుతారు. ఫిల్టర్ చూడటానికి సైన్స్‌లా కనిపిస్తుంది మరి. కానీ కింద ఎంత శుద్ధి చేసినా పైన ఎనిమిది వందల లీటర్లు పోతూనే ఉంటాయి. ఒకటి, రెండు నుంచి కనీసం ఒక్కో ఐడియా ఎంచుకోకుండా మూడు, నాలుగుకు వెళ్లనివ్వొద్దు.

ఇక స్మార్ట్ డస్ట్‌బిన్ సంగతి. చెయ్యి చూపిస్తే మూత తెరుచుకునే ఈ డబ్బా లేని సైన్స్ ఫెయిర్ ఉండదు. అందులో ఒక బోర్డు, ఒక సెన్సర్, ఒక మోటారు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ. మోటారు తాగే కరెంటుకు ఆ బ్యాటరీ ఎంతో కాలం రాదు. కాలితో తొక్కే పెడల్ డబ్బా చేసే పనికి ఇన్ని భాగాలు, చివరికి అవన్నీ ఈ-వ్యర్థాలే. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది, అది వేరే క్లాసు. ఇక్కడ నియమం ఒకటే: కరెంటు లేకుండా అయ్యే పనికి కరెంటు పెట్టొద్దు.

## 7. మొదటి నమూనా: ఒక్క మధ్యాహ్నం, అసలు సైజులో

మినియేచర్ చేయించొద్దు. అరచేతిలో పట్టే ట్యాపు మోడల్ దగ్గర ఎవరూ ప్లేటు కడగలేరు కాబట్టి దాన్నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు.

మన ఉదాహరణలో జట్టు ఎంచుకున్నది ఎంగిలి గీసే స్టాండు అనుకుందాం. చేసే వరుస ఇది:

1. ఇరవై లీటర్ల పాత పెయింట్ బకెట్ తీసుకుని బాగా కడగండి.
2. పాత సైకిల్ ట్యూబును నిలువునా చీల్చి, జానెడు వెడల్పున బకెట్ అంచు మీద సాగదీసి బైండింగ్ వైరుతో కట్టండి. ప్లేటు అంచును దీని మీద లాగితే అన్నం గీసుకుని లోపల పడుతుంది. స్టీలు ప్లేటును గట్టి అంచుకు కొడితే వచ్చే చప్పుడు కూడా ఉండదు.
3. వైరు కొనలు లోపలికి వంచి టేపు చుట్టండి. చేతులు గీసుకునేది ఇక్కడే.
4. బకెట్‌ను ఇటుకల మీద పెట్టి ఎత్తు సరిచూడండి. పదో తరగతి వాళ్లకు కాదు, బడిలో అందరికన్నా పొట్టి పిల్లకు నడుము దగ్గరికి రావాలి.
5. ట్యాపులకు ముందు, లైను నడిచే దారిలోనే పెట్టండి. రెండడుగులు పక్కకు పెట్టినా ఎవరూ వాడరు.

నీళ్లు అరటి పాదులకు మళ్లించే జట్టుకైతే: కాలువ చివర ఇనుప జాలీ, దాని వెనక దోమతెర, ఆ తర్వాత పైపు. జాలీని చేత్తో ఎత్తి దులిపేలా పెట్టాలి, ఎం-సీల్‌తో అతికించేస్తే వారంలో మూసుకుపోతుంది. గుడ్డు పెంకులు ముందే వేరే డబ్బాలో వేయించండి. పాదుల్లో నీళ్లు నిలిస్తే దోమలు పెరుగుతాయి. అరటితో పాటు మెట్టతామర కూడా వేసి, నీళ్లు గంటలో ఇంకిపోతున్నాయో లేదో చూడాలి. ఇంకకపోతే ఇంకుడు గుంత అవసరం.

భద్రత చెక్‌లిస్ట్:

- కట్టర్ బ్లేడు వాడేటప్పుడు పక్కన ఒక పెద్దవాళ్లు ఉండాలి, కోత ఎప్పుడూ ఒంటికి దూరంగా సాగాలి
- థర్మాకోల్‌ను వేడి తీగతో కోయించొద్దు, ఆ పొగ మంచిది కాదు
- పీవీసీని మంట మీద వంచనివ్వొద్దు. ల్యాబ్‌లో లేజర్ కట్టర్ ఉన్నా పీవీసీని అందులో పెట్టొద్దు, ఘాటైన విషవాయువు వస్తుంది
- వెల్డింగ్, డ్రిల్లింగ్ షాపులోనే చేయించాలి

## 8. నిజంగా వాడేవాళ్ల చేత పరీక్షించండి

స్టాండు పెట్టిన రోజు జట్టు పిల్లలు పక్కన నిలబడి "ఇక్కడ గీయండి, ఇక్కడ గీయండి" అని అరుస్తారు. అరవనివ్వొద్దు. దూరంగా నిలబడి చూడమనండి. చెప్తే తప్ప అర్థం కాని వస్తువులో ఎక్కడో లోపం ఉన్నట్టే.

ఇలాంటివి బయటపడతాయి: చివరి బెంచీ అబ్బాయిలు ప్లేటును బంతిలా విసిరి గీస్తే అన్నం బయట పడుతోంది. సాంబారు రోజు రబ్బరు మీద నుంచి నీళ్లు కారి కింద జారుడుగా ఉంది. ఒక్క బకెట్ దగ్గరే లైను కట్టి ట్యాపులు ఖాళీగా ఉన్నాయి. ఒక్కొక్కటీ నోటుబుక్కులోకి ఎక్కాలి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ఎత్తు, చోటు, రబ్బరు మూడూ ఒకే రోజు మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.

మళ్లీ కొలిచేటప్పుడు మొదటిసారి కొలిచిన మెనూ రోజునే కొలవండి. ప్లేటుకు నలభై సెకన్లు పాతిక సెకన్లయి, ధార సన్నబడి నిమిషానికి నాలుగు లీటర్లయిందంటే ప్లేటుకు లీటరున్నర పైచిలుకే. రెండు వందల మందికి దాదాపు 335 లీటర్లు. ఎనిమిది వందల నుంచి ఇక్కడికి. చార్టు మీద ఈ రెండు అంకెలు చాలు, భూగోళం కన్నీళ్లు పెట్టుకునే బొమ్మ అక్కర్లేదు.

కొన్ని ఐడియాలు ఇక్కడే రాలిపోతాయి. "టబ్బులో ముంచి కడిగితే నీళ్లు మిగులుతాయి" అన్నది ఒకటి. లెక్క ప్రకారం నిజమే. కానీ కొన్ని ప్లేట్లకే టబ్బు నీళ్లు చిక్కబడిపోతాయి, అందరి ఎంగిలీ అందరికీ అంటుతుంది, ఆఖర్న ధార కింద కడగక తప్పదు. ఆ పేజీ చింపనివ్వొద్దు. ఎందుకు పనికిరాలేదో రాసి, తేదీ వేసి ఉంచమనండి.

## 9. ఆ వస్తువు పాతబడ్డాక ఏమవుతుంది?

పర్యావరణం పేరుతో చేసిన వస్తువే రేపు చెత్త కాకూడదు. నమూనా ఖాయమయ్యే ముందు జట్టు ఈ ప్రశ్నలకు జవాబు రాయాలి:

- ఇందులో ఏది ముందు పాడవుతుంది? అది విడిగా ఊడి వస్తుందా?
- మన ఊరి వెల్డింగ్ షాపు, హార్డ్‌వేర్ షాపు దీన్ని బాగుచేయగలవా?
- సామాను మన చుట్టుపక్కల ఊరికే పడి ఉండేదేనా, ఆన్‌లైన్‌లో తెప్పించాలా?
- ఫ్లెక్సీ, థర్మాకోల్, గ్లిట్టర్ ఎక్కడైనా దూరాయా?

చుట్టుపక్కల దొరికేదానితో చేయడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట జిల్లా పరిషత్ హైస్కూల్ విద్యార్థిని ఉదాహరణ చాలు. నర్సరీ మొక్కల నల్ల ప్లాస్టిక్ కవర్లకు బదులుగా వేరుసెనగ పొట్టుతో కుండీలు చేసింది. పొట్టు ఆ ప్రాంతంలో కుప్పలుగా దొరుకుతుంది. మొక్కను కుండీతో సహా నాటేయొచ్చు, కాబట్టి పడేసేది ఏమీ మిగలదు. తర్వాత హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ (నమూనాలు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రం) ఆ కుండీలు ఒత్తే యంత్రం తయారీలో సాయం చేసింది. అయితే ముందు చేత్తో చేసిన కుండీ ఉంది, ఆ తర్వాతే యంత్రం వచ్చింది. ఈ వరుస తిరగేయకండి.

ఎంగిలి బకెట్ విషయంలోనూ ఇదే ప్రశ్న: నిండిన అన్నం ఎక్కడికి? ఊళ్లో గేదెలున్నవాళ్లు కుడితికి తీసుకెళ్తామంటే సరే. కానీ ఒకేసారి అన్నం ఎక్కువ పెడితే పశువుకు పొట్ట ఉబ్బి ప్రాణం మీదకు వస్తుంది, పులిసింది అసలే పెట్టకూడదు. పశువుల డాక్టరును ఒక మాట అడిగి ఎంత పెట్టొచ్చో తేల్చుకోవాలి. లేదంటే ఎండాకులతో కలిపి కంపోస్టు చేయాలి. పిడికిట్లో పిండితే చెమ్మ తగలాలి, నీరు కారకూడదు. కారితే ఇంకా ఎండాకులు వేయాలి.

## 10. ఎక్కడ ఆగిపోతుంది, అప్పుడు ఏం చేయాలి

"సార్, ఇది కరెక్టేనా?" అని ప్రతిదానికీ అడుగుతున్నారు. మీరు అవును, కాదు అనకండి. "ట్యాప్ దగ్గరికి పోయి చూద్దాం పద" అనండి. నాలుగైదు సార్లు ఇలా అయ్యాక అడగడం మానేసి వాళ్లే వెళ్తారు.

ఒక్కడే అంతా చేసేస్తున్నాడు. వారం వారం పని మార్చండి. ఈ వారం కొలిచినవాళ్లు వచ్చే వారం రాయాలి, రాసినవాళ్లు కోయాలి. అబ్బాయిలు పనిముట్లు, అమ్మాయిలు చార్టు రాత పంచుకోవడం ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి వారమే దాన్ని తిరగేయండి.

నాన్నగారు ఇంట్లో మెరిసే మోడల్ చేయించి పంపారు. పిల్లాడి ముందు తీసిపారేయొద్దు. "దీన్ని విప్పి మళ్లీ బిగించి చూపించు నాన్నా" అనండి. బిగించగలిగితే వాడిది. లేకపోతే నోటుబుక్కులో అదొక ఐడియాగా చేరుతుంది, అంతే. తండ్రితో విడిగా మాట్లాడి, ఇంట్లో పాత సామాను ఇవ్వడం, షాపుకు తోడు వెళ్లడం ఆయన పని అని చెప్పండి.

మూడో వారానికి ఉత్సాహం చల్లబడింది. సాధారణంగా ఇది కొలతల దగ్గర జరుగుతుంది. ప్రార్థన సమయంలో ఆ జట్టు చేత ఒక్క అంకె చదివించండి: "నిన్న మన బడిలో తొమ్మిది కిలోల అన్నం పారేశాం." బడి మొత్తం వాళ్లను అడగడం మొదలుపెడుతుంది.

పరీక్షలొచ్చాయి. ఆపేయండి. నోటుబుక్కు బీరువాలో పెట్టి, చివరి పేజీలో తర్వాత చేయాల్సిన పని ఒక్కటి రాసి మూయండి. ఇది రాయని ప్రాజెక్టులు పరీక్షల తర్వాత మళ్లీ మొదలవ్వడం అరుదు.

## 11. అప్పగింత

చేసిన పిల్లలు పదో తరగతి దాటి వెళ్లిపోతారు. కాబట్టి:

- వాడే పద్ధతి మూడు బొమ్మల్లో గోడ మీద పెయింట్‌తో వేయించండి, మాటలు తక్కువ
- బకెట్ ఖాళీ చేసేది ఎవరు, ఏ టైమ్‌కు అన్నది ఆయా, వంట అక్కలు ఒప్పుకున్నాకే రాయాలి. వాళ్లకు పని పెరిగితే డిజైన్ మార్చాలి
- అదనంగా కోసిన రెండు ట్యూబు ముక్కలు, వైరు స్టాఫ్‌రూమ్‌లో ఉంచండి
- నోటుబుక్కు ఎనిమిదో తరగతి నుంచి ఒకరికి అప్పగించండి
- జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం రబ్బరు, జాలీ మార్చాలని హెచ్‌ఎం డైరీలో రాయించండి

## 12. పోటీలకు పంపాలనుకుంటే

పని పూర్తయ్యాకే ఆలోచించండి. పోటీ కోసం మొదలుపెట్టిన ప్రాజెక్టు పోటీ రోజుతో ముగుస్తుంది.

కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ నడిపే ఇన్‌స్పైర్ మానక్ (బడి పిల్లల కొత్త ఐడియాల పోటీ)కు బడి తరఫునే నామినేట్ చేయాలి. ఎంపికైతే నమూనా కోసం పది వేల రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. ఖాతా లేకపోవడం, పేరు స్పెల్లింగ్ ఆధార్‌తో కలవకపోవడం లాంటి చిన్న విషయాలు చివర్లో పెద్ద తలనొప్పి అవుతాయి, ముందే సరిచేసుకోండి. దగ్గర్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (కేంద్రం సాయంతో బడుల్లో పెట్టిన పనిముట్ల ల్యాబ్) ఉన్న బడి ఉంటే పనిముట్ల కోసం ఒక శనివారం అడిగి చూడండి.

దరఖాస్తులో రాయాల్సింది ఇంతే: ఐదో అంచెలో రాసిన వాక్యం, చేత్తో గీసిన ఒక బొమ్మ, ముందు అంకె, తర్వాత అంకె, పనికిరాని ఐడియాల్లో ఒకటి ఎందుకు పనికిరాలేదో. జడ్జీలు అడిగితే పిల్లలు తెలుగులోనే చెప్పనివ్వండి. బట్టీ పట్టిన ఇంగ్లిష్ స్పీచ్ రెండో ప్రశ్నకే ఆగిపోతుంది.

ఇంజినీరింగ్, డిజైన్ చదివే అక్కలు, అన్నలు ఉంటే వాళ్లకు జేమ్స్ డైసన్ అవార్డు లాంటి అంతర్జాతీయ పోటీలున్నాయి. పద్ధతి ఇదే, కాకపోతే వాళ్లు కొలతలు ఒక్క చోట కాకుండా మూడు నాలుగు చోట్ల తీసి చూపించాలి.

ఐడియా నిజంగా కొత్తదనిపించి పేటెంట్ ఆలోచన ఉంటే, వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో పెట్టకముందే పేటెంట్ల సంగతి తెలిసినవాళ్లను సంప్రదించండి. ముందే బయటపెట్టేస్తే కొత్తదనం పోయిందని దరఖాస్తు తిరస్కరించే ప్రమాదం ఉంది. దరఖాస్తులో పిల్లల పేర్లు ఆవిష్కర్తలుగా ఉండాలి. గైడ్ టీచర్ పేరు గైడ్ అన్న చోటే ఉండాలి.